కోడ్ లేనంత మాత్రాన కారు బాగున్నట్టు కాదు

అమెరికాకు చదువుకై వచ్చిన తెలుగు విద్యార్థి చేసే మొదటి పెద్ద కొనుగోలు తరచుగా ఒక పాత కారే. కారు చూడబోయేటప్పుడు వెంట కాస్త తెలిసిన మిత్రుడొకడు, అతని జేబులో అగ్గిపెట్టెంత అడాప్టరు ఒకటి ఉంటాయి. స్టీరింగు క్రింద ఉన్న 16 పిన్నుల సాకెట్టులో దానిని అమర్చి, ఫోనులో యాప్ తెరచి, "కోడ్‌లు లేవు" అన్న ఆకుపచ్చని అక్షరాలు చూసి బేరం ముగిస్తారు. ఆ అక్షరాలు చెప్పేది సగం సత్యం. మిగిలిన సగాన్ని కూడా తెరమీదికి తేవడం యాప్ నిర్మాతల బాధ్యత. సాఫ్ట్‌వేరు వృత్తిలోని తెలుగు యువకులకు ఇటువంటి యాప్ రాయడం సెలవు దినాల సరదాగా మారిన ఈ రోజులలో ఈ మాట చెప్పుకోవలసి ఉన్నది.

1996 మోడలు నుండి అమెరికాలో అమ్మే పెట్రోలు కార్లన్నింటికీ ఈ సాకెట్టు తప్పనిసరి. దీని పుట్టుకకు కారణం మెకానిక్కుల సౌకర్యం కాదు, వాయు కాలుష్యం. పొగను శుద్ధిచేసే భాగాలు సరిగా పనిచేస్తున్నవో లేదో కారు తానే పరీక్షించుకొంటుంది. కెటలిటిక్ కన్వర్టరునే తీసుకొందాము. దానికి ముందొకటి, వెనుకొకటి ఆక్సిజన్ సెన్సరులుంటాయి. గాలి, పెట్రోలు 14.7:1 నిష్పత్తికి అటూ ఇటూ మారుతున్నకొద్దీ ముందు సెన్సరు సంకేతం ఊగుతుంది. కన్వర్టరులోని సీరియం ఆక్సైడు ఆక్సిజన్‌ను దాచుకొంటూ, విడుస్తూ ఆ ఊగిసలాటను మింగివేయడం వలన వెనుక సెన్సరు దాదాపు నిలకడగా ఉంటుంది. వెనుకది కూడా ముందుదానివలె ఊగితే పీ0420 అన్న కోడ్ నమోదవుతుంది. అయితే ఈ పరీక్ష జరగాలంటే ఇంజను వేడెక్కి, కారు కొంతసేపు నిలకడైన వేగంతో పోవాలి. ఒక్కొక్కప్పుడు కొన్ని రోజుల ప్రయాణం పడుతుంది.

చిక్కంతా ఇక్కడే. ఉదయం ఎవరైనా ఇటువంటి యాప్‌తోనే కోడ్‌లు చెరిపివేస్తే సాయంత్రానికి చెక్ ఇంజను దీపం వెలగదు. దోషం మాత్రం ఎక్కడికీ పోదు. కన్వర్టరుకు ఫెడరల్ చట్టమిచ్చే హామీ 8 ఏళ్ళు లేక 80,000 మైళ్ళు మాత్రమే. విద్యార్థులు కొనేవి సాధారణంగా ఆ గడువు దాటిన కార్లు కనుక, కన్వర్టరు మార్చవలసివస్తే ఖర్చంతా కొన్నవాని నెత్తినే పడుతుంది.

ఈ సంగతి కారు దాచిపెట్టదు, అడిగితే చెబుతుంది. అడాప్టరు ద్వారా "0101" అని పంపితే, ఏ పరీక్షలు ముగిసినవో, ఏవి ముగియలేదో బిట్టుబిట్టుగా జవాబు వస్తుంది. "0131" అని పంపితే కోడ్‌లు చెరిపిన తరువాత కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చాలా కార్లు తెలుపుతాయి. (అమెరికా కారైనా ఇక్కడ లెక్క కిలోమీటర్లలోనే!) 2010 మోడలు నుండి దశలవారీగా వచ్చిన శాశ్వత కోడ్‌లు చెరిపే బటనుకు లొంగవు, సంబంధిత పరీక్షలో కారు తానే నెగ్గితే తప్ప తొలగవు. ఈ మూడింటినీ ఏదో మూలనున్న మెనూలో పడవేసి, ముందు తెరను వేగపు డయళ్ళతోను, చెరిపే బటనుతోను అలంకరించడం తగని పని.

ప్రయోగశాలలో "కొలవలేదు", "సున్నా" అన్నవి వేరువేరు ఫలితాలు. వాటిని కలిపివేసిన విద్యార్థికి మార్కులు పడవు. యాప్‌లకూ ఈ నియమం వర్తించాలి. ఇంజను శీతల ద్రవపు ఉష్ణోగ్రతకై కారు పంపిన సంఖ్యలోనుండి 40 తీసివేయాలి. కారు జవాబే ఇవ్వనప్పుడు దానిని సున్నాగా భావించిన యాప్, జూలై మధ్యాహ్నం డాలస్‌లో ఇంజను మైనస్ 40 డిగ్రీల వద్ద ఉన్నదని ప్రకటిస్తుంది. ఆ పొరపాటు చూసి నవ్వుకోవచ్చు. జరగని పరీక్షకు ఆకుపచ్చ రంగు పూయడమూ అదే పొరపాటు, కాని అది కంటికి కనబడదు. కనుక తెరమీద నెగ్గినది, ఓడినది, ఇంకా తెలియనిది అని మూడు స్థితులుండాలి. మూడవదానికి వేరే రంగుండాలి.

ఇంకా తెలియదన్నంత మాత్రాన అమ్మేవాడు మోసగాడని కాదు. బ్యాటరీ మార్చినా పరీక్షలు మొదటికి వస్తాయి. అటువంటప్పుడు బ్యాటరీ ఎప్పుడు మార్చారో అడిగి, కొన్ని రోజులు నడిపిన తరువాత మళ్ళీ చూస్తామని చెప్పి రావచ్చు. ఆ సలహా కూడా ఆ తెరమీదనే, ఆ రంగు ప్రక్కనే ఉండాలి.