చియా పొట్లం తర్వాత చూద్దాం, ముందు నీళ్ళూ మరుగుదొడ్డీ



ఈసారి కొంచెం మొహమాటం వదిలి రాస్తున్నాం. భోజనం చేస్తూ ఫోను చూసేవాళ్ళు చెయ్యి కడుక్కుని వచ్చి చదవండి.

పోయిన నెల కార్యవర్గంలో ఒక ప్రతిపాదన వచ్చింది. అరవై దాటిన సభ్యులకు ఉగాది సంచిలో పంచాంగంతో పాటు పావుకిలో చియా గింజల పొట్లం పెట్టి ఇద్దామన్నారు. పెద్దవాళ్ళలో చాలామందికి మోషన్ సరిగ్గా అవడం లేదు, చియా తింటే తగ్గిపోతుందని గ్రూపులో తిరిగిన వీడియో చెప్పిందట. ప్రతిపాదించినవాళ్ళ మనసు మంచిదే. అయినా మేము వద్దన్నాం. "మీకు అన్నిటికీ అడ్డుపడటమే పని" అన్నారు. ఎందుకు వద్దన్నామో ఇక్కడ పూర్తిగా రాస్తున్నాం. చదివి, తర్వాత తిట్టండి.

చియా చెడ్డదని మేము అనడం లేదు. 100 గ్రాముల చియాలో సుమారు 34 గ్రాముల పీచు ఉంటుంది, మంచి లెక్కే. అయితే మనిషి తినేది చెంచాడు, అంటే పది గ్రాములు. దానితో వచ్చే పీచు మూడున్నర గ్రాములు. మనిషికి రోజుకు కావలసింది 25 నుంచి 30 గ్రాములు. మిగతాది ఎక్కడినుంచి వస్తుంది? పళ్ళెంలోనుంచి రావాలి. మరి మన పళ్ళెంలో ఏముంది?

మన సంఘం భోజనమే చూద్దాం. పూరీ, ఉర్లగడ్డ కూర, బోండా, తెల్లన్నం, సాంబారు, అప్పడం, సేమియా పాయసం, మైసూర్‌పాక్. మైదా, పాలిష్ బియ్యం, చక్కెర, నూనె. కూర అని వడ్డించేది ఆకు మూలన చెంచాడు. పండు లేదు, ఆకుకూర లేదు. ఇది తినిపించి, ఇంటికి పంపేటప్పుడు చేతిలో చియా పొట్లం పెడితే, ఇంటి కప్పు కారుతుంటే బక్కెట్టు బహుమానం ఇచ్చినట్టే.

బియ్యం తవుడు తీసేస్తే ఏమవుతుందో మన తమిళనాడుకు కొత్త సంగతి కాదు. బెరిబెరి జబ్బును పరిశీలించడానికి 1918లో నీలగిరి కూనూరులో ఒక గదిలో మొదలైన చిన్న పరిశోధనశాలే పెరిగి, హైదరాబాదుకు మారి, ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థ అయింది. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం మీదే బతికితే బెరిబెరి వస్తుందని వంద ఏళ్ళ కిందటే తేలింది. తవుడుతో పాటు పోయేది విటమిన్ ఒక్కటే కాదు, పీచు కూడా పోతుంది. 100 గ్రాముల తెల్ల బియ్యంలో పీచు మూడు గ్రాములు కూడా ఉండదు. రాగుల్లో పదకొండు దాకా ఉంటుంది. మన అవ్వలు సంగటి తిన్నారు, కొర్రలు, సామలు వండారు. మనం వాటిని పేదవాళ్ళ తిండి అని వదిలేశాం. ఇప్పుడు మన పిల్లలు అవే మిల్లెట్ అనే పేరుతో, రంగు డబ్బాలో, నాలుగింతల ధరకు కొంటున్నారు.

ఇక గింజల మాట. గింజలే కావాలంటే సముద్రం దాటక్కర్లేదు. సబ్జా, చియా రెండూ తులసి కుటుంబంలోవే, రెండూ నీళ్ళలో వేస్తే ఉబ్బి జిగురవుతాయి. అవిసె గింజల్లో 100 గ్రాములకు పీచు సుమారు 27 గ్రాములు. మేము తమిళ బడిలో చదివినవాళ్ళం, పొట్లం మీద పేరు తమిళంలో ఉంటేనే తొందరగా పట్టుకుంటాం. మాలాంటివాళ్ళ కోసం చెప్తున్నాం: నాట్టుమరుందు అంగడిలో సబ్జాకు తిరునీట్రుప్పచ్చిలై విదై అనీ, అవిసెకు ఆళి విదై అనీ అడగండి.

కానీ ఎలా తినాలో చెప్పకుండా గింజలు పంచకూడదు. మా అసలు అభ్యంతరం ఇదే. చియా, సబ్జా, ఇసబ్గోల్ ఏదైనా నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది. అమెరికాలో ఒకాయన చెంచాడు పొడి చియా నోట్లో వేసుకుని పైన నీళ్ళు తాగితే అవి ఆహారనాళంలో ఉబ్బి అడ్డుపడ్డాయి, డాక్టర్లు గొట్టం వేసి ఆ అడ్డు తొలగించవలసి వచ్చింది. 2014లో వైద్యులు ఆ సంగతి బయటపెట్టారు. మన సభ్యుల్లో పక్షవాతం వచ్చి మింగడం కష్టమైనవాళ్ళు ఉన్నారు. వాళ్ళ సంచిలోనూ ఈ పొట్లం పెడతారా?

కాబట్టి తినేవాళ్ళు ఇలా తినండి. సబ్జా గానీ చియా గానీ కనీసం అరగంట నీళ్ళలో నానబెట్టాలి. అవిసె గింజలు వేయించి పొడి కొట్టుకోవాలి, గింజ గింజగా మింగితే చాలావరకు అలాగే బయటికి పోతాయి. అర చెంచాతో మొదలుపెట్టి, వారం పది రోజుల్లో మెల్లగా పెంచాలి. ఒక్కసారిగా రెండు చెంచాలు తింటే కడుపు ఉబ్బి, గ్యాస్ పట్టి, గింజల్ని తిడతారు. తిన్నప్పుడు నిండు గ్లాసు నీళ్ళు తాగాలి. రోజూ వేసుకునే మాత్రలకూ వీటికీ రెండు గంటల ఎడం ఉండాలి. గుండె, కిడ్నీ జబ్బులకు డాక్టరు నీళ్ళు తగ్గించమన్నవాళ్ళు ఆయన్ని అడగకుండా వీటి జోలికి పోకూడదు.

నీళ్ళు అన్నాం కదా, అసలు కథ ఇక్కడే ఉంది. మన హాల్లో ఆడవాళ్ళ మరుగుదొడ్డికి గడియ విరిగి ఎన్నాళ్ళయింది? మగవాళ్ళ వైపు నీళ్ళ గొట్టం పగిలి ఎన్నాళ్ళయింది? పోయిన సమావేశంలో ఒక పెద్దమ్మ మా ఇంట్లోవాళ్ళతో అన్న మాట: "మీటింగు ఉందంటే ముందురోజు సాయంత్రం నుంచే నేను నీళ్ళు తాగను. అక్కడ పోలేను కదా." డెబ్బై దాటిన మనిషి. తిరిగి ఇంటికి చేరేదాకా నాలుక తడుపుకోదు. మర్నాడు, ఆ మర్నాడు ఆమె పడే బాధ ఎవరికీ చెప్పదు. ఆమెకు మనం చియా ఇస్తామట! నీళ్ళు తాగని మనిషికి ఆ గింజలు మేలు చేయవు, కడుపులో ఇంకా గట్టిపడి కీడు చేయవచ్చు.

వచ్చినప్పుడు పోకుండా ఆపుకోవడం ఎంత చేటో మాకు బాగా తెలుసు. టికెట్ కౌంటర్లో కూర్చున్నవాళ్ళం. ఎదురుగా యాభైమంది వరుసలో ఉంటే ఎలా లేస్తాం? ఆపుకున్నాం, ఏళ్ళ తరబడి. ఆపుకునేకొద్దీ పేగు మలంలోని నీళ్ళు లాగేస్తుంది, అది గట్టిపడుతుంది, తర్వాత పిలుపు రావడమే తగ్గిపోతుంది. మొలలు వచ్చి, రక్తం చూసి బెదిరాకే మాకు బుద్ధి వచ్చింది. పొద్దున ఫలహారం అయ్యాక పేగులు తామే కదులుతాయి. ఆ పది నిమిషాలు ఫోను లేకుండా కూర్చోవాలి. వెస్టర్న్ కమోడ్ వాడేవాళ్ళు కాళ్ళ కింద జానెడు ఎత్తు పీట వేసుకుంటే సులువవుతుంది. మాకు మేలు చేసినవి ఇవే, వీటికి ఖర్చు లేదు.

ఇంకో మాట. మనలో చాలామంది రాత్రిపూట చూర్ణం వేసుకుంటారు. "ఆకులతో చేసింది, ఏమీ కాదు" అంటారు. వాటిలో చాలావాటిలో ఉండేది సునాముఖి, తమిళంలో నిలవాగై. మన తిరునెల్వేలి పేరు మీదే ప్రపంచమంతా అమ్ముడుపోయే ఆకు. పేగును గిల్లి పని చేయించే మందు అది. అవసరానికి డాక్టరు చెప్పినట్టు వాడవచ్చు. అడగకుండా ఏళ్ళ తరబడి మోతాదు పెంచుకుంటూ పోతే విరేచనాలై, ఒంట్లో పొటాషియం తగ్గి నీరసం ముంచుకొస్తుంది. ఇంకో వైపు, రోజూ అవలేదని కంగారుపడి మందు వేసుకునేవాళ్ళు ఉన్నారు. వారానికి మూడుసార్లయినా ముక్కకుండా, మెత్తగా అయితే అది జబ్బు కాదు.

కొన్నిటికి వంటింట్లో మందు లేదు. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తం తక్కువవడం, యాభై దాటాక ఉన్నట్టుండి అలవాటు మారడం, కడుపు ఉబ్బి వాంతులై గ్యాస్ కూడా పోకపోవడం. వీటిలో ఏది కనిపించినా గ్రూపులో అడగకండి, ఆస్పత్రికి పోండి. వాంతులూ ఉబ్బరమూ అయితే ఆ రోజే పోవాలి. థైరాయిడ్ తక్కువైనా, చక్కెర జబ్బు ముదిరినా, ఐరన్ మాత్రలు, కొన్ని నొప్పి మాత్రలు, కొన్ని బీపీ మాత్రలు వేసుకున్నా మలబద్ధకం వస్తుంది. మాత్రల చీటీ తీసుకుపోయి డాక్టరుకు చూపించండి.

ఇప్పుడు కార్యవర్గానికి మా ప్రతిపాదన. చియాకు అనుకున్న డబ్బుతో ముందు రెండు మరుగుదొడ్లకు గడియలు, నీళ్ళు, పట్టుకుని లేవడానికి గోడకు కమ్మీ పెట్టించండి. హాల్లో తాగేనీళ్ళ డ్రమ్ము పెట్టండి. భోజనంలో పూరీ తీసేసి రాగి సంగటి, పప్పుతోటకూర పెట్టండి. బోండా బదులు శనగల గుగ్గిళ్ళు పెట్టండి. దోసెడు గుగ్గిళ్ళలో చెంచాడు చియాలో కన్నా పీచు ఎక్కువే ఉంటుంది. చివర ఒక జామకాయ ముక్క. పాయసం ఉండనివ్వండి, పండగ కదా.

వచ్చే ఆదివారం సమావేశంలో ఇది ఓటుకు పెట్టమని అడుగుతాం. చియా పొట్లమే కావాలనేవాళ్ళు అక్కడ లేచి చెప్పండి, వింటాం. కానీ చెప్పేముందు ఆడవాళ్ళ మరుగుదొడ్డి వైపు మీ ఇంటివాళ్ళను ఒక్కసారి పంపి, తిరిగి వచ్చాక ఏమన్నారో అడిగి రండి.