లాగితే ఏం కదులుతుంది?

గత సంవత్సరం విశాఖపట్నంలో పదో తరగతి చదువుతున్నప్పుడు, పాఠశాల ప్రదర్శనలో నేను చేసిన ఓడ నమూనాకు మొదటి బహుమతి వచ్చింది. నిజానికి ఆ బహుమతి నాకు రావలసింది కాదు. ఆ మాట ఆ రోజే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

నేను చేసింది ట్రింకమలీ అనే మూడు స్తంభాల యుద్ధనౌక. బ్రిటిష్ నౌకాదళం కోసం దాన్ని బొంబాయి ఓడల కర్మాగారంలో మలబారు టేకుతో కట్టారు. వాడియా కుటుంబానికి చెందిన జంషెడ్‌జీ బొమన్‌జీ ఆ పని చేయించారు. 1817 అక్టోబరు 12న అది నీటిలోకి దిగింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఇంగ్లాండులోని హార్ట్‌లీపూల్ పట్టణంలో నీటి మీద తేలుతూనే ఉంది. మన దేశంలో పుట్టి, బదిలీ మీద వెళ్లి, అక్కడే స్థిరపడిన ఓడ అన్నమాట. ఆ మాట తట్టగానే మనలాంటి పిల్లలకు దానిమీద ఇష్టం కలగకుండా ఉంటుందా?

అసలు ఓడలో నూరోవంతు కొలతతో, పీరంగుల అంతస్తు దగ్గర 46 సెంటీమీటర్ల పొడవు వచ్చేలా నమూనా కట్టాను. ఓడ శరీరం బాగానే వచ్చింది. తర్వాత తాళ్ల పని మిగిలింది. తాళ్లు ఎన్ని ఎక్కువ ఉంటే ఓడ అంత గొప్పగా కనిపిస్తుందనుకుని, అమ్మ కుట్టుమిషను డబ్బాలోని తెల్లదారం తీసి, స్తంభాల నుంచి కిందికి ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి లాగి జిగురుతో అంటించాను. దూరం నుంచి చూస్తే నిజంగానే ఘనంగా ఉంది.

నా బల్ల పక్కనే ఎనిమిదో తరగతి తమ్ముడు ఒకడు కాకినాడ తీరపు నావ బొమ్మ పెట్టాడు. ఒకే స్తంభం, ఒకే తెరచాప, ఐదంటే ఐదు తాళ్లు. దానికి ఏ బహుమతీ రాలేదు.

బహుమతులు ప్రకటించాక తల్లిదండ్రులు, అతిథులు చూడటానికి వచ్చారు. వారిలో సముద్రంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దాయన ఉన్నారు. నా ఓడను చాలాసేపు చూసి, ఒక దారాన్ని వేలితో చూపించి, "అమ్మా, ఈ తాడు లాగితే ఏం కదులుతుంది?" అని అడిగారు. నాకు తెలియదు. ఇంకోటి చూపించారు. అదీ తెలియదు. ఆయన ఏమీ అనకుండా నవ్వి పక్క బల్లకు వెళ్లి తమ్ముడిని అదే ప్రశ్న అడిగారు. వాడు ఐదు తాళ్లకూ గుక్కతిప్పుకోకుండా జవాబు చెప్పాడు. ఏది తెరచాపను పైకెత్తుతుందో, ఏది గాలికి తగ్గట్టు దాని మూలను బిగిస్తుందో, ఏవి స్తంభాన్ని పడిపోకుండా పట్టుకుంటాయో చేత్తో చూపించి మరీ చెప్పాడు.

నా అభిప్రాయం ఆ రోజు నుంచే మొదలైంది. ఓడ నమూనాలో తాళ్ల గొప్పతనం వాటి లెక్కలో లేదు, వాటి పనిలో ఉంది. పని తెలియకుండా కట్టిన వంద తాళ్లకంటే, పని తెలిసి కట్టిన ఐదు తాళ్లే నిజమైన ఓడకు దగ్గరగా ఉంటాయి.

పెద్దాయన ప్రశ్నకు రెండు సరైన జవాబులున్నాయని తర్వాత చదివి తెలుసుకున్నాను. పాత తెరచాప ఓడల్లో తాళ్లు రెండు రకాలు. మొదటి రకం స్తంభాలను నిలబెట్టేవి. వాటిని లాగితే ఏమీ కదలకూడదు, అదే వాటి పని. రెండో రకం తెరచాపలనూ, వాటిని మోసే అడ్డకొయ్యలనూ కదిలించేవి. అడ్డకొయ్య కుడి చివర నుంచి వచ్చే తాడు లాగితే కొయ్య ఒకవైపు తిరుగుతుంది, ఎడమది లాగితే మరోవైపు తిరుగుతుంది. "ఏమీ కదలదు" అన్నా, "ఫలానాది కదులుతుంది" అన్నా సరైన జవాబే. "తెలియదు" అన్నది మాత్రం జవాబు కాదు.

ఈ తేడా తెలిస్తే రంగు కూడా దానంతట అదే తెలుస్తుంది. నిలబెట్టే తాళ్లు ఏళ్ల తరబడి ఎండకూ వానకూ ఉప్పునీటికీ ఓర్చుకోవాలి కాబట్టి వాటికి తారు పట్టించేవారు. అందుకే అవి నల్లగా, ముదురు గోధుమరంగులో ఉంటాయి. కదిలే తాళ్లు కప్పీల గుండా జారాలి, చేతులతో లాగాలి. అవి జనపనార లేత రంగులో ఉంటాయి. నా ఓడలో అన్నీ మల్లెపూవులా తెల్లగా ఉన్నాయి!

దిక్కు కూడా తప్పే. గాలి వెనకనుంచి తోస్తే స్తంభం ముందుకు వంగాలని చూస్తుంది. అందుకే పక్కల కట్టే తాళ్లు స్తంభానికి సరిగ్గా పక్కనే కాకుండా కొంచెం వెనక్కి కూడా దిగుతాయి. స్తంభాన్ని ముందుకు లాగి పట్టే తాడు వేరే ఉంటుంది. నేను పక్క తాళ్లన్నీ నిట్టనిలువుగా దించాను. అసలు ఓడను అలా కడితే మొదటి పెద్ద గాలికే స్తంభం గతి ఏమయ్యేదో!

ఇక కొలత సంగతి. పక్క తాళ్లకు అడ్డంగా సన్నని తాళ్లు కట్టి నిచ్చెనలా చేస్తారు. నావికులు పైకి ఎక్కేది వాటి మీదే. అసలు ఓడలో ఆ మెట్ల మధ్య దూరం 38 సెంటీమీటర్లకు మించదు. నూరోవంతు నమూనాలో అది 4 మిల్లీమీటర్ల కన్నా తక్కువ. నేను సెంటీమీటరుకు ఒకటి కట్టాను. అంటే అసలు ఓడలో మీటరుకు ఒక మెట్టు. పాపం, నా ఓడ నావికులు ప్రతి మెట్టుకూ నడుము ఎత్తుకు కాలు లేపాలి.

మందంలో ఇంకో చిక్కు ఉంది. పాత ఓడల పుస్తకాల్లో తాడును చుట్టుకొలతతో చెబుతారు. తొమ్మిది అంగుళాల తాడు అంటే చుట్టుకొలత తొమ్మిది అంగుళాలు. పై విలువతో భాగిస్తే వ్యాసం సుమారు 7.3 సెంటీమీటర్లు వస్తుంది. నూరోవంతు నమూనాలో దానికి 0.73 మిల్లీమీటర్ల దారం కావాలి. తొమ్మిది అంగుళాలే వ్యాసం అనుకుంటే 2.3 మిల్లీమీటర్ల దారం కట్టేస్తాం. తాడు ఉండాల్సినదానికి మూడింతలు లావైపోతుంది. వృత్తం పాఠం ఎందుకు పనికొస్తుందని అడిగే మిత్రులకు ఇదొక జవాబు.

భౌతికశాస్త్రం కూడా ఇందులో ఉంది. అసలు ఓడలో వదులుగా ఉన్న తాడు తన బరువుకు తానే కిందికి అందంగా వంగుతుంది. నమూనాలో దారం నూరోవంతు పొడవైతే, బరువు పది లక్షలవ వంతు అవుతుంది. అంత తేలిక దారం తన బరువుకు వంగదు, తన బిగువుతో వంకర్లు తిరిగి నిలబడుతుంది. అందుకే దారానికి ముందు తేనెమైనం పట్టించి నూగు అణచాలి. తర్వాత పలచటి జిగురుతో తడిపి, కావలసిన వంపులో ఉంచి ఆరబెట్టాలి.

నా ఓడలో అన్నిటికంటే పెద్ద తప్పు జెండా. తెరచాపలు గాలికి ముందుకు ఉబ్బి ఉన్నాయి, అంటే గాలి వెనకనుంచి వస్తోంది. జెండా మాత్రం వెనక్కి ఎగురుతోంది! ఒకే ఓడ మీద రెండు గాలులు. ఇంతమంది చూశాం, ఒక్కరమూ గమనించలేదు.

"ఇదంతా అవసరమా? అది బొమ్మే కదా, చూసేవాళ్లకు ఎవరికి తెలుస్తుంది?" అని మీరు అడగవచ్చు. నా మిత్రులూ అడిగారు. దీనికి నేను రెండు విషయాలు చెబుతాను.

మొదటిది నౌకాదళం నుంచి. 2025 మే నెలలో కార్వార్‌లో కౌండిన్య అనే ఓడను మన నౌకాదళంలో చేర్చుకున్నారు. అజంతా గుహల్లోని ఒక చిత్రం ఆధారంగా, 5వ శతాబ్దపు పద్ధతిలో, చెక్కలను తాళ్లతో కుట్టి దాన్ని కట్టారు. అలాంటి ఓడకు నక్షాలు ఏవీ మిగల్లేదు. అందుకే ముందు దాని నమూనాను మద్రాసు ఐఐటీలో నీటిలో పరీక్షించి, ఆ తర్వాత అసలు ఓడ పని చూసుకున్నారు. ఆ నమూనా అబద్ధం చెప్పి ఉంటే? నమూనా అంటే అలంకారం కాదు, అసలు వస్తువు గురించి మనం ఇచ్చే సాక్ష్యం.

రెండోది మా ఇంటి నుంచి. ఈ ఏడాది నాన్నగారికి భోపాల్‌కు బదిలీ అయింది. బదిలీ అంటే ఏమిటో మీకు చెప్పనక్కరలేదు. అట్టపెట్టెలు, పాత చీరల మధ్య చుట్టిన గాజు సామాను, రాత్రంతా కుదుపుల లారీ. ఇక్కడ పెట్టె తెరిచేసరికి నా మొదటి బహుమతి ఓడ తాళ్లు కుప్పగా రాలి ఉన్నాయి. జిగురుతో అంటించినవి దాదాపు అన్నీ ఊడిపోయాయి. ముందు స్తంభం దగ్గర సరదాకి ఒక నాలుగు తాళ్లను మాత్రం అసలు పద్ధతిలో కట్టాను. మూడు రంధ్రాల గుండ్రటి కొయ్యబిళ్లలు రెండు తీసుకుని, వాటి మధ్య సన్నదారం దూర్చి బిగించి, ముడి వేశాను. ఆ నాలుగూ చెక్కుచెదరలేదు. ఆ ఒక్క స్తంభమే నిటారుగా నిలబడి ఉంది. పని చేసే తాడు నిలిచింది, పని చేస్తున్నట్టు నటించిన తాడు రాలిపోయింది. ఇంతకంటే పెద్ద పాఠం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

భోపాల్‌లో సముద్రం లేదు, పెద్ద తలాబ్ ఉంది. అక్కడ తెరచాప పడవలు నడపడం నేర్పిస్తారు. ఒక ఆదివారం గట్టున కూర్చుని చూశాను. నా వయసు పిల్లలు ఒక తాడు లాగగానే తెరచాప బిగిసి పడవ ముందుకు దూకింది. "ఓహో, ఇది లాగితే అది కదులుతుంది" అని నేనే పైకి అనేశాను. ఆ సాయంత్రమే ఓడ పని మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి నిలబెట్టే తాళ్లు ముందు, కింది నుంచి పైకి. కుడివైపు ఒకటి కడితే ఎడమవైపు ఒకటి. లేకపోతే స్తంభం ఒక పక్కకు ఒరిగిపోతుంది.

అన్ని తాళ్లూ కట్టాలని నేను అనడం లేదు. మనకు పరీక్షలున్నాయి, సమయం తక్కువ, చిన్న నమూనాలో అన్నీ పట్టవు కూడా. వదిలేయడం తప్పు కాదు. లేనిది ఉన్నట్టు చూపించడమే తప్పు. అందుకే ప్రదర్శనలు నిర్వహించే ఉపాధ్యాయులకు నా విన్నపం. ప్రతి నమూనా పక్కన ఒక చిన్న చీటీ పెట్టించండి. కొలత ఎంత, ఏవి వదిలేశాం, ఉన్నవాటిలో ఏవైనా మూడు ఏ పని చేస్తాయి అన్నవి అందులో ఉండాలి. మార్కులు వేసేముందు ఒక్క ప్రశ్న అడగండి. ఓడ అయినా, వంతెన అయినా, అగ్నిపర్వతం అయినా ఆ ప్రశ్న పనికొస్తుంది.

ఇంకొక్క సంగతి మన అందరిదీ. పాత ఓడల్లో తాళ్లను పైకప్పు అంచున వరుసగా ఉన్న మేకులకు చుట్టి కట్టేవారు. ఏ తాడు ఎక్కడ కట్టాలన్నది ఓడ ఓడకూ పెద్దగా మారేది కాదు. స్తంభం దగ్గర ఏవి, అంచున ముందు ఏవి, వెనక ఏవి అన్నది దాదాపు ఒకే తీరు. ఎందుకంటే తుఫాను చీకటిలో కంటితో వెతికే వీలుండదు, చెయ్యి చాపితే ఆ తాడే దొరకాలి. ఒక ఓడ నుంచి ఇంకో ఓడకు మారిన నావికుడు మొదటి రాత్రే పనిలోకి దిగగలిగేవాడు. ఇది చదివినప్పుడు నాకు మన విద్యాలయాలు గుర్తొచ్చాయి. భాష మారింది, తిండి మారింది, పక్క బెంచీలో మనిషి మారారు. కానీ మొదటిరోజు ఉదయం ప్రార్థనలో ఎక్కడ నిలబడాలో, గణితంలో ఏ అధ్యాయం నడుస్తోందో నాకు తెలుసు. చెయ్యి చాపాను, తాడు దొరికింది.

కొత్త తాళ్లు కట్టిన ఓడ ఫోటోను మొన్న ఆ తమ్ముడికి పంపాను. బహుమతి నీకు రావాల్సిందని కూడా రాశాను. దాని గురించి వాడు ఒక్క మాటా అనలేదు. కాసేపటికి ఫోటోలో ఒకచోట ఎర్రగా సున్నా చుట్టి పంపాడు. "అక్కా, ఈ తాడు లాగితే నిచ్చెన తాళ్లకు రాసుకుని తెగిపోతుంది కదా?"

నిజమే. ఆ తాడు విప్పి మళ్లీ కడుతున్నాను.