పది గంటల దుబాయ్

టికెట్ బుక్ చేసేటప్పుడు ‘లేఓవర్ 10 గంటలు’ అని కనిపిస్తే మనలో చాలామంది ఏం చేస్తాం? వెంటనే వెనక్కి కొట్టి ఇంకో ఫ్లైట్ వెతుకుతాం. నేనూ అదే బాపతు. కానీ మొన్న డిసెంబర్‌లో ఆఫీసు పని మీద డల్లాస్ వెళ్లాల్సి వచ్చినప్పుడు, పది గంటలు దుబాయ్‌లో ఆగే టికెట్ చాలా చవగ్గా దొరికింది. మిగిలే డబ్బులు మిగులుతాయి, దుబాయ్ చూసినట్టూ ఉంటుంది అనుకుని కొనేశాను.

ఆ రాత్రే లాప్‌టాప్‌లో ఒక షీట్ తెరిచాను. బుర్జ్ ఖలీఫా, దుబాయ్ మాల్, దుబాయ్ ఫ్రేమ్, మ్యూజియం ఆఫ్ ది ఫ్యూచర్, జుమేరా బీచ్, మెరీనా, గోల్డ్ సూక్. మొత్తం ఏడు. ఒక్కోదానికి నిమిషాలతో సహా లెక్క. అలవాటు అలాంటిది, ఏం చేస్తాం!

తర్వాత మా అన్నకు మెసేజ్ పెట్టాను. అన్న అంటే మా పెద్దనాన్న కొడుకు. పదకొండేళ్లుగా దుబాయ్‌లో ఉంటున్నాడు. పెద్ద పెద్ద బిల్డింగుల్లో ఏసీలు చూసే మెయింటెనెన్స్ పని. నేను పంపిన షీట్ చూసి ఆయన పెట్టిన వాయిస్ మెసేజ్ ఇది: “తమ్మీ, గివన్నీ చూడాల్నంటె నువ్వు హెలికాప్టర్‌ల దిగాలె. ఐతారం నాకు సెలవు. నువ్వు బయటకు రా, నేను చూసుకుంట. ఇంకో ముచ్చట, అమ్మ గరిజెలు చేస్తె గసగసాలు ఏయొద్దను. ఇక్కడ పట్టుకుంటె జైలే.”

ఇది మీరూ గుర్తుపెట్టుకోండి. మన ఇళ్లల్లో మసాలా డబ్బాలో మామూలుగా ఉండే గసగసాలు యూఏఈలో నిషేధం. కొన్ని రకాల నొప్పి మాత్రలు, దగ్గు మందులకు కూడా ముందుగా అనుమతి ఉండాలి. లేఓవరే కదా, మన సామాను ఎవరు చూస్తారులే అనుకోవద్దు. అమ్మ అప్పటికే కొబ్బరి, గసగసాలు వేయించి పెట్టుకుంది. అదంతా పక్కన పెట్టి సకినాలు కాల్చింది. ఒక సీసాలో మామిడికాయ పచ్చడి కూడా పెట్టింది.

చలికాలం వార్తల్లో మా కోహీర్ పేరు మీరు వినే ఉంటారు. రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రత అంటూ టీవీలో చెప్పే పేర్లలో మాదీ ఒకటి. ఆ చలిలో రెండు స్వెటర్లు వేసుకుని రాత్రి తొమ్మిదిన్నరకు బయల్దేరి, సంగారెడ్డి దాటి, ముత్తంగి దగ్గర ఔటర్ ఎక్కి శంషాబాద్ చేరాను. తెల్లవారుజామున ఎక్కిన విమానం నాలుగు గంటలు ఎగిరి, అక్కడి టైమ్ ప్రకారం ఏడింటికి దుబాయ్‌లో దింపింది. నా తర్వాతి ఫ్లైట్ సాయంత్రం అయిదింటికి.

ఇక్కడ అసలు లెక్క మొదలవుతుంది. పది గంటల లేఓవర్ అంటే ఊళ్లో పది గంటలు కాదు. దిగి, నడిచి, ఇమిగ్రేషన్ దాటి బయటపడేసరికి గంటన్నర. తిరిగి ఎయిర్‌పోర్టుకు మూడు గంటల ముందే రావాలి. అంటే ఎనిమిదిన్నర నుంచి రెండింటి దాకా, అయిదున్నర గంటలు. అందులో ప్రయాణాలు తీసేస్తే నాలుగు. లేఓవర్ ఆరేడు గంటల లోపు అయితే బయటికి వెళ్లే ఆలోచనే మానుకోండి. ఎప్పుడూ రెండో ఫ్లైట్ టైమ్ నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రండి, ముందు నుంచి కాదు.

రెండోది వీసా. నా పాస్‌పోర్టులో అమెరికా వీసా ఉంది కాబట్టి యూఏఈలో దిగాక అక్కడే వీసా ఇచ్చారు. మన పాస్‌పోర్టు, ఆ అమెరికా వీసా రెండూ కనీసం ఆరు నెలలు చెల్లుబాటులో ఉండాలి. అలాంటి వీసా లేనివాళ్లకు 48 గంటల ట్రాన్సిట్ వీసా, 96 గంటల ట్రాన్సిట్ వీసా అని రెండున్నాయి. వాటికి అక్కడి ఎయిర్‌లైన్స్ ద్వారా ముందే అప్లై చేసుకోవాలి. ఈ రూల్స్ మారుతూ ఉంటాయి, టికెట్ కొనేముందే ఒకసారి చూసుకోండి. ఒకే విమానంలో పక్కపక్క సీట్లలో వచ్చినవాళ్లలో ఒకరు ఊరు చూడటానికి పోతారు, ఇంకొకరు అదే పది గంటలు ఎయిర్‌పోర్టు కుర్చీలో పడుకుంటారు. తేడా అంతా పాస్‌పోర్టులో అంటించిన ఒక్క కాగితమే.

మూడోది నేను చేసిన తప్పు. పచ్చడి సీసా నూనె కారుతుందని చెకిన్ బ్యాగులో పెట్టాను. ఒకే టికెట్ మీద పోయేటప్పుడు ఆ బ్యాగు మధ్యలో మన చేతికి రాదు, నేరుగా చివరి ఊరికి పోతుంది. అంటే అన్న కోసం అమ్మ పెట్టిన పచ్చడి నాకంటే ముందే డల్లాస్‌కు ఫిక్స్ అయిపోయింది. ఇది నాకు దుబాయ్‌లో దిగాక వెలిగింది! చేతి బ్యాగులో సకినాలు ఉన్నాయి కాబట్టి పరువు దక్కింది.

బయటికి వచ్చి అన్నకు వాట్సాప్ కాల్ చేశాను. కలవలేదు. మళ్లీ చేశాను. లేదు. అప్పుడు గుర్తొచ్చింది, అక్కడ వాట్సాప్‌లో మెసేజ్‌లు పోతాయి గానీ కాల్స్ పనిచేయవు. గల్ఫ్‌లో మనవాళ్లున్న ప్రతి ఇంట్లో ఫోన్లో బోటిమ్ యాప్ ఉండేది అందుకే. మీరు ఎవరినైనా కలవాలంటే చోటు, టైమ్ ముందే మెసేజ్‌లో మాట్లాడుకోండి. మేం యూనియన్ మెట్రో స్టేషన్ అనుకున్నాం. టెర్మినల్ 3 నుంచే రెడ్ లైన్ మెట్రో ఉంది. 2009లో మొదలైన ఈ మెట్రోకి డ్రైవర్ ఉండడు. ముందు పెట్టెలో నిలబడితే పట్టాలన్నీ మనమే నడుపుతున్నట్టు కనిపిస్తాయి.

అన్న స్టేషన్ మెట్ల దగ్గర ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడ్డాడు. నన్ను చూసి మొదట అడిగింది, “జామకాయలు కాసినయా ఈసారి?” కోహీర్ జామకు ఎంత పేరో మా చుట్టుపక్కల వాళ్లకు తెలుసు. “మస్తు కాసినయ్” అన్నాను. ఇంకేం మాట్లాడకుండా ఒక చిన్న హోటల్‌లో కరక్ చాయ్ తాగించి గోల్డ్ సూక్‌కు తీసుకెళ్లాడు.

షట్టర్లు అప్పుడప్పుడే లేస్తున్నాయి. ఒక షాపు అద్దంలో ప్రపంచంలోనే అతిపెద్ద బంగారు ఉంగరం ఉంది. దాదాపు 64 కిలోలు. వేలికి కాదు, మనిషికే తొడగొచ్చు. నేను ఫోన్ తీసి గ్రాము రేటుతో గుణించబోతుంటే అన్న ఆపాడు. “నేను వచ్చిన కొత్తల గదే చేసిన. నా జీతంతోని ఎన్నేండ్లైతదో లెక్కేసిన. ఆ రోజు నిద్ర పట్టలే.” మొదటి రెండేళ్ల జీతం ఏజెంటుకు కట్టిన అప్పుకు, దాని మిత్తికే పోయిందట. మూడో ఏడు పాప పుట్టినప్పుడు ఈ సందులోనే ఒక జత చెవి కమ్మలు కొన్నాడు. ఆ షాపు ముందు ఒక్క నిమిషం ఆగి చూపించాడు.

అక్కడి నుంచి మసాలా సందుల గుండా క్రీక్ ఒడ్డుకు. క్రీక్ అంటే ఊరి మధ్యలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. దీన్ని దాటడానికి అబ్రా అనే చెక్క పడవ ఉంది, టికెట్ ఒక్క దిర్హమ్. చిల్లర మాత్రం దగ్గర పెట్టుకోండి. ఇన్ని అద్దాల మేడలున్న ఊళ్లో నాకు బాగా నచ్చింది ఆ ఒక్క దిర్హమ్ ప్రయాణమే. 1966లో చమురు దొరక్కముందు దుబాయ్ బతుకంతా ఈ నీళ్ల మీదే. ముత్యాలు, చేపలు, మన బొంబాయితో వ్యాపారం. ఎంతగా అంటే అప్పట్లో ఇక్కడ నడిచింది మన రూపాయే. 1959లో మన రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ కోసం విడిగా రూపాయి నోట్లు కూడా వేసింది. 1966లో రూపాయి విలువ తగ్గించాక ఇక్కడ దాన్ని వదిలేశారు. ఇది చెబితే అన్న నవ్వాడు. “అంటె ఒకప్పుడు దిర్హమ్ రేటెంతుందని రోజూ చూసే పనే లేకుండెనా! ఇప్పుడు పొద్దుగాల లేస్తె ముందు గదే చూస్త.”

అవతలి ఒడ్డున బల్ల మీద కూర్చుని సకినాలు తిన్నాం. అన్న రెండే తిని మిగతావి మూట కట్టాడు. రూములో ఇంకో అయిదుగురు ఉంటారట. తర్వాత 1787లో కట్టిన అల్ ఫహీదీ కోటను బయటి నుంచి చూసి, పక్కనే ఉన్న పాత ఇళ్ల సందుల్లో తిరిగాం. ఆ ఇళ్ల మీద గాలి గోపురాలుంటాయి. పైన వీచే గాలిని పట్టి గదిలోకి దింపుతాయి. కరెంటు లేని కాలపు ఏసీ. ఏసీ మెకానిక్ కదా, అన్న అయిదు నిమిషాలు తల పైకెత్తి చూస్తూనే ఉన్నాడు. పదకొండేళ్లలో ఆయన ఈ సందుల్లోకి రావడం అదే మొదటిసారి. మీరు వేసవిలో వెళ్తే మాత్రం ఇలా నడవలేరు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా కూలీలతో ఎండలో పని చేయించకూడదని అక్కడ రూలు ఉంది. టూరిస్టులు కూడా ఆ రూలు పెట్టుకుంటే మంచిది.

పదకొండు అయింది. “ఇక చాలన్నా, కూసుందాం” అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. “బుర్జ్ కాడ ఫొటో లేకుంటె ఊళ్లె ఎవ్వరు నమ్మరు.” బర్ జుమాన్ దగ్గర మళ్లీ రెడ్ లైన్ ఎక్కాం. స్టేషన్ నుంచి మాల్ దాకా పొడవాటి నడక వంతెన ఉంది, పావుగంట పడుతుంది. మీ లెక్కలో అది కూడా వేసుకోండి.

బుర్జ్ ఖలీఫా 828 మీటర్లు, 163 అంతస్తులు, 2010 జనవరి 4న తెరిచారు. ఈ అంకెలన్నీ నాకు ముందే తెలుసు. కింద నిలబడితే మెడ నొప్పి తప్ప అంకెలేవీ గుర్తురాలేదు. అన్న దాని పక్క నుంచి కంపెనీ బస్సులో ఎన్నిసార్లు పోయాడో లెక్కే లేదు. పైకి మాత్రం ఎప్పుడూ ఎక్కలేదు. “టికెట్ నేను తీస్తా, మళ్లోసారి వచ్చినప్పుడు ఎక్కుదాం” అన్నాను. “మళ్లోసారి నేను ఊళ్లె ఉంట గని, నువ్వే అక్కడికి రా” అన్నాడు. ప్రతి ఏడూ ఇదే మాట అంటున్నాడని వదిన చెబుతుంటుంది.

నేల మీద దాదాపు పడుకుని నాకు ఫొటో తీశాడు. మొత్తం బిల్డింగు పట్టేలా ఎలా తీయాలో బాగా తెలుసు. కొత్తగా వచ్చిన మనవాళ్లందరికీ తీసిపెట్టేది ఆయనేనట. తర్వాత బోటిమ్‌లో ఇంటికి వీడియో కాల్ చేశాడు. ఎనిమిదేళ్ల పాప నన్ను చూసి ఎగిరింది. “బాపూ, బాబాయ్‌తోని నువ్వు గూడ ఫ్లైట్ ఎక్కుతున్నవా?” అని అడిగింది.

అన్న ఒక క్షణం ఆగి, “బాబాయ్ ఇటు కెళ్లి అటు పోతుండు బిడ్డా. ఇంటికి కాదు” అన్నాడు.

ఒకటిన్నరకల్లా టెర్మినల్ 3 స్టేషన్‌లో నన్ను దింపి, గేటు దాకా వచ్చి, ఆయన వెనక్కి తిరిగాడు. హైదరాబాద్ అక్కడికి నాలుగు గంటలే. అన్న చెప్పిన లెక్క ప్రకారం ఈ పదకొండేళ్లలో ఇంట్లో ఉన్నది పది నెలలు. మొదట ఆయన వచ్చింది రెండేళ్ల కోసమే.

ఏడు చోట్ల లిస్టులో నేను చూసింది రెండు. చూడని అయిదింటి గురించి నాకు ఇప్పుడు బాధ లేదు. దోహాలో దిగండి, సింగపూర్‌లో దిగండి, ఇస్తాంబుల్‌లో దిగండి. సింగపూర్, ఇస్తాంబుల్‌లలో లేఓవర్ ప్రయాణికులకు ఉచిత సిటీ టూర్లు కూడా ఉన్నాయి, వీసా అర్హత చూసుకుని వాడుకోండి. కానీ ముందు ఫోన్లో కాంటాక్టులు ఒకసారి తిరగేయండి. ఆ ఊళ్లో మీ ఊరివాళ్లో, మీ క్లాస్‌మేటో ఉండే ఉంటారు. వాళ్ల సెలవు రోజు ఏదో కనుక్కుని, ఆ రోజుకే టికెట్ తీయండి.

డల్లాస్‌లో బ్యాగు తెరిస్తే పచ్చడి సీసా ఒక్క చుక్క కారకుండా ఉంది. ఫొటో తీసి అన్నకు పంపాను. వెంటనే జవాబు వచ్చింది: “నువ్వు తినకు. వాపస్ వచ్చేటప్పుడు గూడ పెద్ద లేఓవర్ తీస్కో.”