సెలవులకు కూడా టైమ్‌టేబుల్ ఎందుకు?



డిసెంబరు రాగానే క్లాసు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: “సెలవులకు ఎక్కడికి వెళ్తున్నారు?” మూడు రోజుల్లో ఆరు ఊళ్లు, పొద్దున్నే ఆరింటికి బస్సు, రాత్రి పదింటికి హోటల్. ఏడాదంతా బెల్లు కొడితే లేచే పిల్లలకు ఇది ఇంకో టైమ్‌టేబుల్. ఈసారి ఒకే చోట, నీళ్లకు ఎదురుగా ఉన్న ఒకే ఇంట్లో మూడు రోజులు ఉండి చూడండి.

చిలికా మనకు మరీ దూరమేమీ కాదు. విశాఖ నుంచి హౌరా వైపు వెళ్లే రైల్లో బరంపురం దాటాక కుడివైపు కిటికీలోంచి కనబడుతుంది. రంభా, బర్కుల్ వైపు సరస్సుకు ఎదురుగా వరండా ఉన్న విల్లా దొరికితే మంచిదే. లేకపోతే ఒడిశా పర్యాటక సంస్థవారి పంథనివాస్ చాలు.

మొదటి రోజు పిల్లలు విసుక్కుంటారు. “ఇక్కడ ఏముంది?” అని ఫోన్ అడుగుతారు. ఆ విసుగును వెంటనే తీర్చకండి. చేయడానికి ఏమీ లేనప్పుడే పిల్లలు చుట్టూ చూడటం మొదలుపెడతారు. రెండో రోజుకు ప్రశ్నలు వాళ్లే అడుగుతారు. ఇది సముద్రమా, చెరువా? నీళ్లు ఉప్పగా ఉంటాయా? ఇన్ని పక్షులు ఎక్కడి నుంచి వచ్చాయి?

జాగ్రఫీ పాఠంలో చిలికా ఒక మార్కు ప్రశ్న. వరండాలో కూర్చుంటే అదే పెద్ద పాఠం. వానాకాలంలో మహానది పాయలైన దయ, భార్గవి మంచినీళ్లు తెస్తాయి. ఎండాకాలంలో సముద్రపు ఉప్పునీటిది పైచేయి అవుతుంది. వానల్లో మునిగిపోయే నలబన దీవి చలికాలంలో బయటపడి, సైబీరియా వంటి దూర ప్రాంతాల పక్షులకు విడిది అవుతుంది. ఒకప్పుడు ఇసుక మేటలు వేసి సముద్రంలోకి వెళ్లే దారి పూడుకుపోతే ఉప్పు తగ్గింది, కలుపు పెరిగింది, చేపలు తగ్గాయి. 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తవ్వాక సరస్సు కోలుకుంది. ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితా నుంచి 2002లో చిలికా పేరు తొలగించారు.

మన పిల్లల సంగతీ అంతే. స్కూలు, ట్యూషన్, ఒలింపియాడ్, అబాకస్ అన్నీ మంచివే. ఒకదాని మీద ఒకటి మేట వేస్తే మాత్రం లోపలికి కొత్త నీరు రాదు. మన స్కూలు పత్రికలోనే ఈ మాట అంటున్నాను: ఆ మూడు రోజులు సెలవుల హోంవర్కు పుస్తకం ఇంట్లోనే ఉంచండి. తిరిగొచ్చాక రాసుకోవడానికి టైముంటుంది. టీచర్లూ కాదనరనే నా నమ్మకం.

“అంత ఖర్చు పెట్టి ఊరికే కూర్చోవాలా?” అని మీకు అనిపించవచ్చు. ఆరు ఊళ్లు తిరిగే డీజిల్, టికెట్లు, హోటళ్ల లెక్క కూడా ఒకసారి వేయండి. అదీ కుదరకపోతే నెల్లూరు, తిరుపతి వైపు వాళ్లకు పులికాట్ ఉంది. చెరువు గట్టున అమ్మమ్మగారి ఇల్లున్నా సరిపోతుంది. కావలసింది తొందర లేని మూడు రోజులు, పక్కనే అమ్మానాన్న. మీ ఫోన్లు కూడా పక్కన పెట్టాలి మరి.

ఒక్క జాగ్రత్త. ఆ ప్రశాంతత మనం అద్దె కట్టి కొన్నది కాదు. ఒడ్డున వందకు పైగా మత్స్యకార గ్రామాలు ఆ నీటి మీదే బతుకుతున్నాయి. స్పీకర్లు పెట్టకండి, ప్లాస్టిక్ పారేయకండి. సాతపడా వైపు వెళ్తే ఇరావడీ డాల్ఫిన్ల వెంట పడవను తరమమని అడగకండి. నీళ్ల దగ్గర చిన్నపిల్లల్ని ఒంటరిగా వదలకండి.

సెలవుల తర్వాత జరిగే పేరెంట్ టీచర్ మీటింగ్‌లో మార్కుల కంటే ముందు, ఆ మూడు రోజుల్లో ఏం చూశారో మీ పిల్లలనే టీచర్‌కు చెప్పమనండి. మీరు కూడా పక్కన కూర్చుని వినండి.