మంచం దాకా చేరని సాయం

హుజూర్‌నగర్ చుట్టుపక్కల పల్లెల్లో పెరిగినవాళ్లకు మోకు జారిన కబురు కొత్త కాదు. తాటిచెట్టు మీంచి పడ్డ మనిషిని నలుగురు చంకల కింద, మోకాళ్ల కింద చేతులేసి ఎత్తి ఆటోలో కూలేస్తారు. ప్రాణం దక్కాలన్న ఆత్రమే అదంతా. కానీ విరిగిన పూస కదిలి వెన్నుపామును నలిపేది ఒక్కోసారి ఆ ఎత్తడంలోనే.

నాకు తెలిసిన ఒక గీత కార్మికుడికి పట్నంలో ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికొచ్చాక నులకమంచం మీద వెల్లకిలా పడుకోబెట్టారు. స్పర్శ లేదు గనక నడుం కింద చర్మం కమిలిపోతున్నా ఆయనకు తెలియలేదు. దుప్పటికి తడి అంటాకే ఇల్లాలు చూసింది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అదేమీ కొత్తగా కనిపెట్టాల్సిన వైద్యం కాదు. ఒకప్పుడు నడుం పడిపోయిన సైనికులు పడక పుండ్లతో, మూత్రంలో చీముతో కొద్దికాలానికే పోయేవారు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో డాక్టర్ లుడ్విగ్ గుట్‌మాన్ రాత్రీపగలూ వాళ్లను తిప్పించాడు, లేపి కూర్చోబెట్టాడు. 1948కల్లా వాళ్ల చేత విల్లు పట్టించి పోటీలు పెట్టాడు. అవే తర్వాత పారాలింపిక్స్‌కు దారితీశాయి.

ఇలాంటి వైద్యంలో దేశాల మధ్య సహకారం అంటే నాకు మొదట గుర్తొచ్చేది వెల్లూరు డాక్టర్ మేరీ వర్గీస్. 1954లో రోడ్డు ప్రమాదంలో ఆమెకే నడుం కింద పడిపోయింది. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. న్యూయార్క్‌లో పునరావాస వైద్యం నేర్చుకుని తిరిగొచ్చింది. 1966లో వెల్లూరులో ఆ వైద్యానికి ఒక కేంద్రమే వెలిసింది. అమెరికా నుంచి ఆమె తెచ్చింది విద్య.

అమెరికాలో ఉన్న మనం ఊరికి పంపుతున్నది చెక్కు. ఆపరేషన్‌కు సాయం కావాలంటే మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక్క రాత్రిలో డబ్బు పోగవుతుంది, సంతోషమే. ఆ తర్వాత ఇరవై ఏళ్లు మంచం పక్కన నిలబడాల్సిన ఇల్లాలికి మన దగ్గర్నుంచి ఒక్క మాట కూడా అందడం లేదు. ప్రపంచంలో ఏటా రెండున్నర నుంచి ఐదు లక్షల మందికి వెన్నుపాము దెబ్బతింటోందని 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కగట్టింది. పేద దేశాల్లో వాళ్లలో చాలామందిని తీసుకుపోతున్నది ఆపదగిన పుండ్లూ ఇన్ఫెక్షన్లే.

మన సంఘం సభ్యుల్లో నర్సులున్నారు, ఫిజియోథెరపిస్టులున్నారు. మూత్రపు గొట్టం శుభ్రంగా ఎలా పెట్టాలో, పుండు మొదలయ్యే ఎర్రమచ్చ ఎలా ఉంటుందో నల్లగొండ మాటల్లో చెప్పగలవాళ్లు వాళ్లే. హుజూర్‌నగర్‌లో రాత్రి రెండు గంటలప్పుడు అమెరికాలో ఇంకా పొద్దుంటుంది. ఆ వేళకు ఫోనెత్తగలిగినవాళ్లు ఈ నెలలోనే కార్యదర్శికి పేరివ్వండి.