మైకు మనకెప్పుడిస్తారు?

మా మల్కాపురంలో జానపదం వినాలంటే రామకోవెల ముందు పందిరే. టిక్కెట్టు లేదు. మైకు, కళాకారులకు భోజనాలు అన్నీ చందాలతో, కుర్రాళ్ల రెక్కల కష్టంతో జరుగుతాయి. మెచ్చుకోవాల్సిందే. 1941లో షిప్‌యార్డు, 1957లో రిఫైనరీ మొదలయ్యాక శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చినవాళ్లు పాటల్ని కూడా మూటగట్టుకొచ్చారు. తప్పెటగుళ్లు మగవాళ్లవే, సరే. మరి ఊడుపు పాటలు, దంపుళ్ల పాటలు ఎవరివండీ? అవి వచ్చిన అమ్మలు చాప మీద కూర్చుని చూడాలి. చందా మాత్రం మన పోపులడబ్బాలోంచే! 2020లో కన్నుమూసిన వంగపండు ఉత్తరాంధ్ర యాసను వేదికెక్కించారు. ఆయన కూతురు ఉష పాడితే చప్పట్లు కొట్టాం. అదే మన అత్తగారు పాడతానంటే, “ఈ వయసులో ఎందుకత్తా!” అని మనమే ఆపుతాం. ఈసారి చందా పుస్తకం గుమ్మంలోకొస్తే, “ఒక రాత్రి ఆడవాళ్ల పాటలకి” అని రాయించాకే డబ్బివ్వండి.