నాలుగేళ్ల తరువాత గుర్తొచ్చిన అత్యవసరం

2021 జూన్ 27 తెల్లవారుజామున జమ్మూ వైమానిక స్థావరం మీద చిన్న డ్రోన్లు రెండు బాంబులు జారవిడిచాయి. దేశంలో ఒక సైనిక స్థావరంపై ఈ తరహా దాడి అదే మొదటిది. 2025 జూన్ 24న, అంటే నాలుగేళ్లు నిండడానికి మూడు రోజుల ముందు, రక్షణ మంత్రిత్వ శాఖ 1,981.90 కోట్ల రూపాయలతో 13 ఒప్పందాలు కుదుర్చుకున్నట్లు ప్రకటించింది. అనుసరించిన పద్ధతి అత్యవసర కొనుగోలు. జాబితాలో ముందు వరుసలో నిలిచింది డ్రోన్లను పసిగట్టి అడ్డుకునే సమగ్ర వ్యవస్థ. నాలుగేళ్లుగా కళ్లెదుట ఉన్న ముప్పును ఎదుర్కొనే సాధనాన్ని అత్యవసరపు పద్దులో కొనవలసి రావడాన్ని సన్నద్ధత అనరు. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వడం అంటారు.

ఆ జాబితాను ఇంకొంచెం కిందికి చదివితే బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లు, హెల్మెట్లు, రాత్రివేళ గురి చూసే పరికరాలు కనిపిస్తాయి. వాటి అవసరాన్ని ఎవరూ కాదనరు. కానీ హెల్మెట్‌నూ డ్రోన్ నిరోధక వ్యవస్థనూ ఒకే మూటగా కట్టి ఒకే అంకె చెబితే, ఏది ఎంతో పౌరుడికి గాని పార్లమెంటు సభ్యుడికి గాని తెలిసే దారి ఏది? నా అభియోగం ఇక్కడే మొదలవుతుంది. డ్రోన్ నిరోధక సాంకేతికతను ప్రభుత్వం కొంటున్నది, ప్రదర్శిస్తున్నది, ప్రకటిస్తున్నది. దాని అభివృద్ధికి మాత్రం నిలకడగా, లెక్క చెప్పే తీరులో డబ్బు పెట్టడం లేదు.

జమ్మూ తరువాత ఏమీ జరగలేదనడం అన్యాయమే అవుతుంది. ఆ ఏడాది ఆగస్టు 31న నౌకాదళం భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థతో ఒప్పందం చేసుకుంది. మరుసటి నెలలో హైదరాబాదుకు చెందిన జెన్ టెక్నాలజీస్‌కు వైమానిక దళం నుంచి సుమారు 155 కోట్ల రూపాయల ఆర్డరు వచ్చింది. ఆలోచించి చూడండి: దాడి జరిగిన రెండు మూడు నెలల్లో ఆర్డర్లు, ఆపరేషన్ సిందూర్ జరిగిన నెలన్నరలో ఆర్డర్లు. మన రక్షణ వ్యయానికి క్యాలెండరును శత్రువే రాస్తున్నాడు.

ఢిల్లీ పద్దుల గొడవ ఖరగ్‌పూర్‌లోని ట్రాఫిక్ పేటకెందుకని అడిగేవారుంటారు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో నేటి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల నుంచి వచ్చి, వర్క్‌షాపులోనూ యార్డులోనూ చెమటోడ్చిన కుటుంబాల తరాలు ఆ రైల్వే కాలనీల్లో ఉన్నాయి. టాటానగర్ మార్గంలో కాస్త దూరం పోతే కలైకుండా స్టేషను, దాని పక్కనే వైమానిక స్థావరం. 1965 సెప్టెంబరు 7న ఢాకా నుంచి బయలుదేరిన పాకిస్థాన్ సాబర్ జెట్లు సముద్రం మీదుగా, రాడార్‌కు అందనంత కిందుగా ఎగురుతూ వచ్చి ఈ కలైకుండా మీద పడ్డాయి. ఆరుబయట నిలిపి ఉంచిన కాన్‌బెర్రా, వాంపైర్ విమానాలు నేల మీదే కాలిపోయాయి. అదే రోజు అవి రెండోసారి వచ్చినప్పుడు ఆల్ఫ్రెడ్ కుక్, ఎస్.సి. మమ్‌గాయిన్ తమ హంటర్ విమానాలతో ఎదురు నిలిచారు. ఐఐటీ ఆవరణ మీదుగా సాగిన ఆ పోరును అక్కడి విద్యార్థులు కళ్లారా చూశారు. ఆ వీరగాథలను మనం తరతరాలుగా చెప్పుకుంటాం. మొదటిసారి ఎందుకు దొరికిపోయామన్న ప్రశ్నను మాత్రం ఎవరూ ఎత్తరు.

కిందుగా రావడం, రాడార్ కన్ను కప్పడం, నేల మీద నిలిపిన విమానాన్ని కాల్చడం: ఈ మూడు పనులకూ ఇవాళ సాబర్ జెట్ అక్కర్లేదు. 2025 జూన్ 1న ఉక్రెయిన్ లారీల్లో దాచి తీసుకుపోయిన డ్రోన్లతో రష్యా లోపలి వైమానిక స్థావరాల మీద, సరిహద్దుకు వేల కిలోమీటర్ల దూరంలోని సైబీరియాలో కూడా, బాంబర్లను తగలబెట్టింది. తాము వాడినవి 117 డ్రోన్లని ఉక్రెయిన్ చెప్పుకుంది. ఆ రోజుతో 'సరిహద్దుకు దూరం' అనే భరోసా ముగిసింది. శ్రీకాకుళం మీదుగా వచ్చే 16వ నంబరు జాతీయ రహదారి ఖరగ్‌పూర్‌ను తాకే పోతుంది. దాని మీద రోజూ ఎన్ని లారీలు తిరుగుతాయో అక్కడివారికి వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు డబ్బు సంగతి చూద్దాం. 2025-26 బడ్జెట్‌లో రక్షణకు 6.81 లక్షల కోట్లు. అందులో డీఆర్‌డీవోకు దక్కింది 26,816 కోట్లు, అంటే నూటికి నాలుగు రూపాయలకు లోపే. క్షిపణుల నుంచి జలాంతర్గాముల బ్యాటరీల దాకా సమస్తం ఆ నాలుగు రూపాయల్లోనే తేలాలి. అంకుర సంస్థల కోసం పెట్టిన ఐడెక్స్ పథకానికి దాదాపు 450 కోట్లు. అందులో మామూలు గ్రాంటు ఒక్కో సంస్థకు గరిష్ఠంగా కోటిన్నర. కీలక సాంకేతికతల కోసం తెచ్చిన అదితి పథకంలో 25 కోట్ల దాకా ఇస్తారు. రాడార్, రేడియో సంకేతాలను వినే యంత్రం, కెమెరా, జామర్, వీటన్నిటినీ ఒక్క తెర మీదికి తెచ్చే సాఫ్ట్‌వేర్, ఆపైన కూల్చే ఆయుధం: ఇన్ని కలిస్తేగాని ఒక నిరోధక వ్యవస్థ కాదు. కోటిన్నరతో నమూనా తయారవుతుంది, ప్రదర్శనలో మంత్రిగారి పక్కన ఫొటో కూడా వస్తుంది. ఆ నమూనా ఎడారి వేడికీ, కలైకుండా వానకూ తట్టుకునే యంత్రం కావడానికి పట్టే రెండు మూడేళ్లు ఆ సంస్థ జీతాలు ఎవరివ్వాలి? అటు గ్రాంటు అయిపోయింది, ఇటు ఆర్డరు రాలేదు. ఈ నడిమి లోయలో పడిన సంస్థ బయట దొరికే విడిభాగాలు తెచ్చి బిగించి అమ్మడానికి సిద్ధపడుతుంది. అత్యవసర కొనుగోలు అలాంటి బిగింపు పనికే బహుమతి ఇస్తుంది, ఎందుకంటే నెలల్లో సరఫరా చేయగలిగినవాడికే అక్కడ చోటు. ఆపైన ఆత్మనిర్భరత గురించి ఉపన్యాసాలు. చైనా భాగాల అనుమానంతో 400 సైనిక డ్రోన్ల ఒప్పందాలు 2025 ఆరంభంలో రద్దయిన సంగతి అప్పుడే మరిచిపోయామా?

ఒకసారి కొని నిశ్చింతగా ఉండే సరుకూ కాదు ఇది. రేడియో సంకేతాన్ని చెరిపే జామర్‌కు విరుగుడుగా ఉక్రెయిన్ యుద్ధంలో సన్నని ఆప్టికల్ ఫైబర్ తీగను విప్పుకుంటూ ఎగిరే డ్రోన్లు వచ్చేశాయి. వాటికి జామర్ అడ్డే కాదు. 2025 మే 8 రాత్రి 36 చోట్లకు 300 నుంచి 400 డ్రోన్లు వచ్చాయని మన ప్రభుత్వమే చెప్పింది. ఆ రాత్రుల్లో పాతతరం ఎల్-70 తుపాకులు కూడా అక్కరకొచ్చాయి. సైనికుల నైపుణ్యానికి జేజేలు. కానీ వాళ్ల నైపుణ్యాన్ని తన ముందుచూపుగా చెలామణీ చేసుకోవడం ప్రభుత్వానికి తగదు.

ఓపికగా పెట్టిన డబ్బు ఏం చేయగలదో మన తెలుగు నేల మీదే రుజువుంది. 2025 ఏప్రిల్ 13న కర్నూలు జిల్లా ఓర్వకల్లు ప్రాంతంలోని పరీక్షా కేంద్రంలో లేజర్ ఆయుధం డ్రోన్లను కూల్చింది. రూపొందించింది హైదరాబాదులోని డీఆర్‌డీవో ప్రయోగశాల, చెస్. (అదే ఓర్వకల్లులో రాష్ట్ర ప్రభుత్వం డ్రోన్ సిటీ కడతానంటున్నది. తయారీ, సంహారం రెండూ ఒకే మండలంలో!) మరోవైపు, 1983లో మంజూరైన కార్యక్రమంలో మొదలైన ఆకాశ్ క్షిపణి సైన్యానికి చేరింది 2015లో. సిందూర్ వేళ అది పనికొచ్చింది, సంతోషం. డ్రోన్లు మాత్రం మనకు 32 ఏళ్ల గడువివ్వవు. పరీక్ష నెగ్గిన యంత్రాన్ని కనీసం ఇన్ని కొంటామని ముందే రాసిచ్చి, ఏటేటా మార్పులకు డబ్బు కేటాయించడం తప్ప దగ్గరి దారి లేదు.

రహస్యం కాబట్టి లెక్కలు చెప్పలేమంటారు. అమెరికా రక్షణ శాఖ డ్రోన్ నిరోధక పరిశోధనకు ఎంతో, కొనుగోలుకు ఎంతో తన బడ్జెట్ పత్రాల్లో విడివిడిగా చూపుతుంది. దాని సైన్యం బలహీనపడిందా? జామర్ ఏ తరంగం మీద పనిచేస్తుందో చెప్పమని ఎవరూ అడగడం లేదు. ఎంత ఖర్చయింది, ఎన్నేళ్లలో, ఏది సేనల చేతికి చేరిందో చెప్పమంటున్నాం. ప్రతిపక్షం కూడా తక్కువ తినలేదు. 2025 జులైలో సిందూర్‌పై ఉభయ సభల్లో జరిగిన చర్చ ఎక్కువ భాగం ఎన్ని విమానాలు కూలాయి, కాల్పుల విరమణ ఎవరి పుణ్యం అన్నవాటి చుట్టూనే తిరిగింది.

ఇంకొక ప్రశ్న ఉంది, దీన్ని ట్రాఫిక్‌లో ఉన్నవారు అడిగితేనే అందం. స్థావరాన్ని కాపాడే జామర్ పక్క పట్టణంలోని రేడియోలను ఏం చేస్తుంది? రైళ్లను ఢీకొనకుండా ఆపే కవచ్ వ్యవస్థ రేడియో తరంగాల మీద నడిచేదే. ఇంత పెద్ద జంక్షన్ పక్కన దాన్నీ దీన్నీ కలిపి పరీక్షించే ఖర్చు రక్షణ శాఖదా, రైల్వేదా? ఆకాశంలో కూల్చిన డ్రోన్ ఎవరి పెంకుల మీద పడుతుంది? మేలో ఫిరోజ్‌పూర్ జిల్లాలో డ్రోన్ వల్ల కాలిన గాయాల పాలైన కుటుంబం సైనికులది కాదు. డ్రోన్ల నిబంధనలు చూసే పౌర విమానయాన శాఖ ఇప్పుడు శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు చేతిలో ఉంది. ట్రాఫిక్‌లో ఎందరికో అది సొంత జిల్లా. రక్షణ, రైల్వే, విమానయాన శాఖలు మూడూ కలిసి కూర్చుని ఖరగ్‌పూర్ వంటి పట్టణాలకు ఒక లిఖితపూర్వక ప్రణాళిక ఇవ్వాలని ఆయనకు ఉత్తరం రాయడానికి పోస్టు ఖర్చు తప్ప మరేమీ కాదు.